పాట తీసేసిన వార్షికోత్సవం

మా బడి రేడియో పిల్లల ప్రతిభను వెలికితీయడానికి పుట్టలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక కుళాయిల దగ్గర జరిగే కొట్లాటలు ఆపడానికి పుట్టింది. ప్రార్థనకి వాడే మైకు హెచ్.ఎం. గారి గదిలో రోజంతా ఊరికే పడి ఉండేది. ప్రతి వరండాలోనూ ఒక స్పీకరు ఉండేది. ఆ అరగంటా పిల్లల చేతికే మైకిస్తే కాస్త కుదురుగా ఉంటారేమో చూద్దామన్నారు హెచ్.ఎం. గారు. చూసుకునే బాధ్యత నాకు అప్పగించారు. నేను సోషల్ టీచర్ని. నాకే ఎందుకంటే, ఆ పూట స్టాఫ్ రూములో ఖాళీగా కనిపించింది నేనొక్కదాన్నే.

నరసాపురానికి దగ్గర్లో ఉన్న ఆడపిల్లల హైస్కూలు మాది. ఊళ్లోకి బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఇప్పుడు పిల్లల చేత వీడియోలూ, లైవులూ చేయిస్తున్న కుర్ర టీచర్లు కనిపించినప్పుడల్లా ఆ రేడియో సంగతేంటండీ అని అడుగుతుంటారు. ఇంతవరకూ ముక్కలు ముక్కలుగా చెప్పానే తప్ప మొత్తం ఎవరికీ చెప్పలేదు. మీకు పనికొచ్చేది ఇందులో ఉందో లేదో మీరే చూసుకోండి.

పిల్లలు చదివే వార్తలు చిన్నవి. రేవులో జనాన్ని దాటించే పంటు మరమ్మతులో ఉంది కాబట్టి గోదావరి అవతలి పిల్లలు తొందరగా బయల్దేరాలి. ఏడో తరగతిలో ఎవరిదో గొడుగు పోయింది. సైన్సు టీచర్ గారికి జ్వరం, లెక్కల క్లాసు ఉంటుంది. తరవాత రెండు పొడుపుకథలు. వీటన్నిటి మధ్యలో సినిమా పాటలు. నిజం చెప్పాలంటే కుళాయిల దగ్గర కొట్లాటలు ఆగింది పాటల వల్లే. వార్తలప్పుడు మళ్లీ మొదలయ్యేవి.

ఇంతలో పూర్వ విద్యార్థినులు కలిసి బడికి నాలుగు కంప్యూటర్లు కొనిచ్చారు. వాటితో పాటు కాంట్రాక్టు మీద ఒక కంప్యూటర్ మాస్టారు కూడా వచ్చారు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. ఏ పనైనా "అదెంతసేపండి" అని మొదలుపెట్టేవాడు. పిల్లల కార్యక్రమాన్ని రికార్డు చేసి నెట్లో పెడితే ఎక్కడున్నవాళ్లైనా వినొచ్చని ఆయనే చెప్పాడు. ఎవరు వింటారయ్యా పోయిన గొడుగుల గురించి, అన్నాను. ఆ మాట ఎంత తెలివితక్కువదో నెల తిరక్కుండానే తెలిసింది.

మా ప్రాంతం నుంచి ఆడవాళ్లు కువైట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేస్తుంటారు. మా బడిలో ఏ తరగతికి వెళ్లినా తల్లి అక్కడ ఉన్న పిల్లలు నలుగురైదుగురు ఉండేవాళ్లు. పిల్లలు అమ్మమ్మల దగ్గరో, నాన్నమ్మల దగ్గరో ఉండి చదువుకునేవారు. ఆ ముసలమ్మలు అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటూ పిల్లలు వచ్చే దారి చూస్తుండేవాళ్లు. తల్లులకి శుక్రవారం పూట కాస్త వీలు చిక్కేది. నెట్ సెంటర్లో ఒక కంప్యూటర్ ముందు ముగ్గురు నలుగురు చేరి మా పిల్లల రేడియో వింటున్నారని ఫోన్లు రావడం మొదలైంది. ఒకావిడ ఫోన్లో నాతో, "గొడుగు దొరికిందాండి?" అని అడిగింది. ఆవిడ కూతురిది కాదట ఆ గొడుగు. ఊరికే తెలుసుకుందామని అడిగిందట.

అలా ఒక ఏడాది సాగింది. ఒక సోమవారం కంప్యూటర్ మాస్టారు మొహం వేలాడేసుకుని స్టాఫ్ రూముకొచ్చాడు. మన పేజీ లేదండి, అన్నాడు. లేదంటే ఏంటంటే, ఉన్నట్టుండి ఖాళీ అయిపోయింది. మేము ఏ వెబ్‌సైట్‌లో పెడుతున్నామో వాళ్లే తీసేశారు. మీరు వేసే పాటల మీద హక్కులున్న కంపెనీ ఫిర్యాదు చేసింది, ఇంకోసారి జరిగితే కోర్టు దాకా వెళ్లొచ్చు అని మెయిల్ పంపారు.

హెచ్.ఎం. గారికి రిటైర్‌మెంట్ దగ్గర పడుతోంది. కోర్టు అనే మాట వినగానే మంచినీళ్లు తెప్పించుకున్నారు. బడి కమిటీ కరస్పాండెంట్ గారికి కబురు పెడితే ఆయన రైసుమిల్లు నుంచి అలాగే వచ్చారు, భుజాల మీద తవుడుతో సహా.

"పాటలేంటండి, వాటికి కోర్టులేంటండి? పెళ్లిలో వేస్తన్నారు, పందిట్లో వేస్తన్నారు, బస్సులో వేస్తన్నారు. మనం వేస్తే తప్పొచ్చిందా?" అన్నారాయన.

"మనం పది సెకన్ల లోపు ముక్కలుగా వేస్తే తప్పు లేదంటున్నారండి," అన్నాడు కంప్యూటర్ మాస్టారు.

"ఎవరంటున్నారు?" అని నేనడిగాను.

"అంటున్నారండి," అన్నాడు.

ఆ ధైర్యంతోనే, పేజీ లేకపోయినా బడి స్పీకర్లలో ఒక వారం పాటు పాటలన్నీ తొమ్మిది సెకన్లకి కోసి వేశాం. పల్లవి మొదలయ్యేది, గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయేది. బడిలో పిల్లలు మిగతా పాట వాళ్లే అరిచి పూర్తి చేసేవాళ్లు. కొట్లాటల కంటే ఎక్కువ గోలయింది.

ఆ కంపెనీ తరపున కేబుల్ టీవీ వాళ్లనీ, హోటళ్లనీ తనిఖీ చేసే ఒక ప్రతినిధి ఊళ్లోకి వచ్చాడని తెలిసింది. మనమే వెళ్లి అడిగితే పోలేదా అని కంప్యూటర్ మాస్టారిని వెంటబెట్టుకుని వెళ్లాను. తిడతాడేమో అనుకున్నాను. తెల్ల చొక్కా వేసుకున్న నెమ్మదైన మనిషి. మీ బడికే వస్తాను పదండి అని వచ్చి, హెచ్.ఎం. గారి గదిలో కూర్చుని టీ తాగుతూ ఓపిగ్గా చెప్పాడు.

"మీ బడి ఆవరణలో మీ పిల్లలు, తల్లిదండ్రుల ముందు పాటేసి డాన్సు చేసుకోండమ్మా, మాకేం అభ్యంతరం లేదు. చట్టం కూడా ఒప్పుకుంటుంది. నెట్లోకి పంపితే మాత్రం అది ప్రసారం. దానికి అనుమతి కావాలి."

"పది సెకన్లైతే?" అన్నాడు మాస్టారు.

"పది సెకన్లైతే పది సెకన్ల పాటవుతుంది బాబూ."

"పిల్లలే పాడితేనండి?"

"వరస ఎవరిది? మాటలు ఎవరివి? వాళ్లకీ ఇల్లు గడవాలి కదండి."

ఆయన జేబులో ఫోన్ మోగింది. అది వేరే కంపెనీ వాళ్ల సినిమా పాట. ఆయన మొహమాటంగా నవ్వి కట్టేశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీ పిల్లల మాటలు మీవి. అవి ఎంతసేపైనా వేసుకోండి," అన్నాడు. తన పై ఆఫీసుతో మాట్లాడి పేజీ మళ్లీ తెరిపిస్తానని కూడా చెప్పాడు. తెరిపించాడు.

సొంత సంగీతం చేసుకుందామని ఉత్సాహపడ్డాం. డ్రిల్లు మాస్టారికి హార్మోనియం వచ్చు. ఆయన రెండ్రోజులు కూర్చుని రేడియో మొదట్లో వేసుకోవడానికి ఒక చిన్న వరస కట్టారు. అందరం హెచ్.ఎం. గారి గదిలో చేరి విన్నాం. సినిమాలు చూసి ఎరగనని ఎప్పుడూ చెప్పే హెచ్.ఎం. గారు వరస పూర్తయ్యేసరికి దాని తరవాతి లైను గొంతులోనే కూనిరాగం తీశారు. అందరం ఆవిడ వైపు చూశాం. డ్రిల్లు మాస్టారు హార్మోనియం మూసేశారు. తనకి తెలీకుండానే వచ్చేసిందని ఆయన చాలా రోజులు బాధపడ్డారు. దాంతో మా రేడియోలో సంగీతం లేకుండా పోయింది. గంట కొట్టి మొదలుపెట్టి, గంట కొట్టి ముగించేవాళ్లం.

ఇదంతా ఒక ఎత్తు, వార్షికోత్సవం ఒక ఎత్తు. ఆ ఏడాది వార్షికోత్సవాన్ని నెట్లో లైవుగా వినిపిస్తామని పేజీ మూతపడక ముందే మేము మాటిచ్చేశాం. తల్లులకి వీలుగా ఉండాలని శుక్రవారం సాయంత్రానికి పెట్టాం. మా బడి వార్షికోత్సవం అంటే నాలుగు ఉపన్యాసాలూ, పదకొండు డాన్సులూ. డాన్సులన్నీ సినిమా పాటలకే. నెలన్నర నుంచి పిల్లలు వాటికే తయారవుతున్నారు. పాటలు నెట్లోకి వెళ్లకూడదంటే ఇంక తల్లులకి మిగిలేది ఉపన్యాసాలు.

"లైవు మానేద్దామమ్మా. నాకెందుకీ వయసులో," అన్నారు హెచ్.ఎం. గారు.

ఆ విషయం పిల్లలకి చెప్పడానికి వెళ్తే, వార్తలు చదివే పిల్ల అడ్డం పడింది. తొమ్మిదో తరగతి చదివేది. వాళ్లది సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. తల్లి చేపలమ్ముతూ వీధి చివర నుంచి కేక వేస్తే ఈ చివర ఇంట్లో గిన్నె పట్టుకుని బయటికొచ్చేవారట. ఆ గొంతే వచ్చింది పిల్లకి.

"పాట వచ్చినప్పుడు అది పంపకుండా నేను చెప్తానండి," అంది.

"ఏం చెప్తావే?"

"ఏం జరుగుతుందో అది. రేడియోలో క్రికెట్టు చెప్పట్లేదాండి? బంతి మనకేమన్నా కనిపిస్తుందా?"

కంప్యూటర్ మాస్టారు, "అదెంతసేపండి," అన్నాడు. ఆ ఒక్కసారికి ఆ మాట నాకు నచ్చింది.

డాన్సు రిహార్సల్స్ జరుగుతుంటే ఆ పిల్ల పక్కన నిలబడి చెప్పడం సాధన చేసింది. మొదటిరోజు విన్నవాళ్లకి నవ్వాగలేదు. "ఇప్పుడు కుడికి తిరిగారు. ఇప్పుడు ఎడమకి తిరిగారు. ఇప్పుడు వంగారు. మళ్లీ లేచారు." డ్రిల్లు మాస్టారు, ఇది నా పీరియడ్‌లా ఉందే, అన్నారు. పిల్ల చిన్నబుచ్చుకుంది.

నేను పక్కకి పిలిచి అడిగాను. "మీ ఫ్రెండ్సుకి వాళ్లమ్మలు ఫోన్ చేస్తే ఏం అడుగుతారే?"

ఆలోచించింది. "అన్నం తిన్నావా అంటారండి. జడెవరేశారు అంటారు. చిక్కిపోయావా, లావయ్యావా అంటారు. నీ మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటన్నారా అని కూడా అడుగుతారండి."

"అయితే అవే చెప్పు."

మర్నాటి నుంచి ఆ పిల్ల వరస మారిపోయింది. డాన్సు చేసే ప్రతి పిల్ల దగ్గరికీ వెళ్లి కూర్చునేది. పట్టీలు ఎవరివి, జాకెట్టు ఎవరు కుట్టారు, పూలు ఎవరింటివి, ఏ పన్ను ఊడింది అన్నీ కనుక్కునేది. కాగితం మీద రాసుకోమంటే, "రాసుకుంటే చదివినట్టు ఉంటదండి," అంది.

వార్షికోత్సవం రోజు మేడ మీది సైన్సు ల్యాబే మా స్టేషను. గాజు కిటికీలోంచి కింద గ్రౌండులో స్టేజీ ఎదురుగా కనిపిస్తుంది. తలుపులు మూసి, మిగతా కిటికీలకి పిల్లల ఇళ్ల నుంచి తెచ్చిన బొంతలు కట్టాం. బయటి పాట లోపలి మైకులోకి దూరకూడదు. అయినా దూరుతూనే ఉంది. కింద మైకుసెట్టు ఆయన పెట్టిన హారన్లు అలాంటివి. నేను దిగి వెళ్లి మేడ వైపున్న హారన్ తిప్పమని అడిగాను.

"సౌండ్ లేకపోతే వార్షికోత్సవం ఏంటండి? రేపు జనం నన్నంటారు," అన్నాడాయన.

"మా మీద కేసు పడుద్దండి."

"పాటేస్తే కేసా అండి?" అని నన్ను జాలిగా చూశాడు. ఏమనుకున్నాడో, హారన్ మాత్రం చెరువు వైపు తిప్పాడు.

ల్యాబులో మా ముగ్గురివి మూడు పనులు. వార్తల పిల్ల కిటికీ దగ్గర మైకు పట్టుకుని నిలబడింది. కంప్యూటర్ మాస్టారు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని ప్రసారం చూసుకుంటున్నాడు. నేను కిటికీకి వీపు పెట్టి, రెండు మీటలున్న చిన్న పెట్టె ముందు కూర్చున్నాను. ఉపన్యాసం వస్తే స్టేజీ మీట పైకి. పాట వస్తే స్టేజీ మీట కిందికి, పిల్ల మీట పైకి. ఇంతే నా పని. దీనికి తోడు స్టేజీ మీద ఏం జరుగుతోందో నాకు కనిపించదు, పిల్ల నోటి వెంట వినడమే.

ముఖ్య అతిథి ఉపన్యాసంతోనే చిక్కొచ్చింది. ఆయన చదువు గొప్పదనం గురించి చెప్తూ చెప్తూ, మధ్యలో తన కాలం నాటి సినిమా పాట ఎత్తుకున్నారు. కంప్యూటర్ మాస్టారు చేతులు ఊపాడు. నేను స్టేజీ మీట కిందికి లాగాను. పల్లవితో ఆపుతారనుకుంటే రెండు చరణాలూ పాడారు. ఆ పాట సాగినంతసేపూ మా పిల్ల కువైట్‌లో ఉన్న తల్లులకి ఆయన వేసుకున్న శాలువా రంగు, ముందు వరసలో కూర్చున్న వాళ్ల పేర్లు చెప్పింది. తరవాత ఆయన నన్ను, "నా స్పీచ్ అక్కడిదాకా వెళ్లిందా అమ్మా?" అని అడిగారు. మీ మాటలన్నీ వెళ్లాయండి అన్నాను.

డాన్సులు మొదలయ్యాయి. పాట స్థానంలో ఆ పిల్ల గొంతు వెళ్లింది. ఒక్కొక్కరి పేరూ, తల్లి పేరూ కలిపి చెప్పింది. "రెండో వరసలో చివర మీ అమ్మాయేనమ్మా. జడకి కుచ్చులు మా పక్కింటి అక్క పెట్టింది. నీలం పరికిణీ. కాస్త పొడుగైంది, అందుకే వెనక నిలబెట్టారు." "ఈ పిల్లకి అడుగు తప్పిందండి. నవ్వేసి మళ్లీ కలిసిపోయింది. మీరు కంగారు పడకండి." నేను మీటలు చూసుకుంటూ వింటున్నాను. పాట వేసి పంపి ఉంటే ఆ తల్లులకి పాట వినపడేది. అది వాళ్లకి అక్కడా దొరుకుతుంది.

ఎనిమిదో తరగతి పిల్లలు కాళ్లకి గజ్జెలు కట్టుకుని ఆడుతుండగా కరెంటు పోయింది.

హారన్లు టక్కున ఆగిపోయాయి. ల్యాబులో ఫ్యాను ఆగింది. కంప్యూటరూ, నెట్టూ, మా మైకూ బ్యాటరీ మీద ఉన్నాయి కాబట్టి అవి ఆగలేదు. కింద జనం ఒక్క క్షణం గోల చేసి సద్దుమణిగారు. పిల్లలు ఆట ఆపలేదు. అలవాటైన అడుగులు కదా, పాట లేకుండానే వేస్తూ పోయారు. వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. ముందు వరసల్లో ఎవరో చప్పట్లతో తాళం వేశారు. మెల్లగా గ్రౌండంతా అదే తాళం.

మా పిల్ల ఎవర్నీ అడగకుండా కిటికీ తలుపులు బార్లా తెరిచేసింది. మైకు బయటికి చాపింది. కంప్యూటర్ మాస్టారు కుర్చీలోంచి సగం లేచాడు. చెవులు రిక్కించి విన్నాడు. బయట పాట లేదు. గజ్జెలూ, చప్పట్లూ, "ఒకటి రెండు మూడు" అని లెక్క పెట్టుకుంటున్న పిల్లల గొంతులూ తప్ప ఇంకేం లేవు. మళ్లీ కూర్చున్నాడు.

పిల్ల మైకుని కాసేపు అలాగే ఉంచి, తరవాత దగ్గరికి తీసుకుని గొంతు తగ్గించి చెప్పింది. "ఇవి మన పిల్లల గజ్జెలండమ్మా." అని ఎనిమిది మంది పేర్లూ, ఎనిమిది మంది తల్లుల పేర్లూ ఒకదాని వెంట ఒకటి చెప్పింది. ఆఖరి పేరు చెప్పినప్పుడు మాత్రం, "ఇంకాస్త గట్టిగా వినపడుతున్నాయి చూడండి, అవి మీ అమ్మాయివి," అంది.

మైకుసెట్టు ఆయన జనరేటర్ వేశాడు. పాట మళ్లీ మొదలైంది. పిల్ల కిటికీ మూసేసింది.

ఆ రాత్రి, మర్నాడు ఫోన్లే ఫోన్లు. కరెంటు పోయినప్పటి ముక్క గురించే అందరూ చెప్పారు. కంపెనీ ప్రతినిధి కూడా ఫోన్ చేశాడు. విన్నానండి, అన్నాడు. తనిఖీ కోసం విన్నారా, ఊరికే విన్నారా అని అడిగాను. మొదట తనిఖీకేనండి, అని ఒప్పుకున్నాడు. హెచ్.ఎం. గారు స్టాఫ్ మీటింగులో నన్నూ, మాస్టారినీ మెచ్చుకున్నారు. నేను కూడా కొంచెం పొంగిపోయాననే చెప్పాలి.

ఆ మీటింగు అయ్యాక ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్ నా పక్కకి వచ్చి, "ఆఖరున చెప్పిన అమ్మాయి అసలు ఆడలేదు కదండి," అంది. "అమ్మాయికి ఆటలమ్మ పోసింది. వారం నుంచి బడికే రావట్లేదు. ఏడుగురే ఆడారు."

నేను స్టేజీ వైపు వీపు పెట్టి కూర్చున్నాను. నాకెలా తెలుస్తుంది? వార్తల పిల్లని పిలిచాను.

"ఆ అమ్మాయి లేదని నీకు తెలుసా?"

"తెలుసండి."

"మరి?"

"వాళ్లమ్మ వింటుంటారు కదండి. అందరి పేర్లూ చెప్పి ఆ ఒక్క పేరూ చెప్పకపోతే వెంటనే ఫోన్ చేస్తారు. ఆటలమ్మ అని అమ్మకి చెప్పొద్దే, అక్కడ తిండి మానేస్తది అని వాళ్ల అమ్మమ్మ మరీ మరీ చెప్పిందండి." ఆపైన, "గజ్జెల మోతలో ఎవరివి ఎవరివో ఎవరికి తెలుస్తదండి?" అంది.

మనది కానిది మనదని పంపకూడదని నెలల తరబడి ఆ పిల్లలకి నూరిపోసింది నేనే. పాటల గురించి చెప్పాను. లేని పిల్ల గజ్జెల గురించి నేనేమీ చెప్పి ఉండలేదు. హెచ్.ఎం. గారిని అడిగితే, "మంచికే చేసింది కదమ్మా, వదిలెయ్యి," అన్నారు. వదిలేశాను.

వేసవి సెలవుల్లో, రిజల్ట్సు కోసం మేము బడికి వస్తున్న రోజుల్లో ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో ఖర్జూరం పొట్లం. రెండేళ్ల తరవాత సెలవు మీద వచ్చిందట. పక్కన కూతురు. ఆ పిల్ల నుదుటి మీద, బుగ్గ మీద మచ్చలు ఇంకా పూర్తిగా మానలేదు. ఎవరో చెప్పక్కర్లేకుండా అర్థమైంది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మచ్చలేంటే అని అడిగానండి. ఎప్పుడు పోసిందో చెప్పింది. లెక్కేసుకుంటే ఆ శుక్రవారానికి ఇది మంచం మీదే ఉందండి," అంది.

"మీ అమ్మగారే చెప్పొద్దన్నారట. మా వార్తలు చదివే పిల్ల కూడా మీరు బెంగ పెట్టుకుంటారని..."

"తెలుసండి. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. ఆ రోజు తెలిసినా నేను చేసేదేముంది? సాయంత్రానికి మళ్లీ పనిలోకి వెళ్లిపోవాలి." కూతురి జుట్టు సవరించింది. "మేం నలుగురం కూర్చుని విన్నామండి. చెవిలో పెట్టుకునేది ఒకటే ఉంటే వంతులేసుకున్నాం. గజ్జెలప్పుడు నా వంతు. గట్టిగా వినపడేవి మీ అమ్మాయివి అంది కదండి. అదిగో నా కూతురు అని వాళ్లకి చెప్పాను. అందరికీ ఒక్కోసారి వినిపించాను."

ఖర్జూరం పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఒక్కటే అడుగుదామని వచ్చానండి టీచర్ గారూ. వచ్చే ఏడు ఇది నిజంగా ఆడితే, అప్పుడు నేనెలా నమ్మాలండి?"

నిష్ఠూరంగా అడగలేదు. పంటు ఎన్నింటికి అన్నట్టే అడిగింది. ఖర్జూరం బల్ల మీద పెట్టి, కూతుర్ని తీసుకుని వెళ్లిపోయింది. జూన్‌లో మళ్లీ కువైట్ వెళ్లిపోయిందని తెలిసింది.

బడి తెరిచాక వార్తల పిల్లకి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టలేదు. ఆ పిల్ల చాలాసేపు మైకు తీగ వేలికి చుట్టుకుంటూ నిలబడింది. అప్పటికి పదో తరగతి. తరవాత ఆ ఏడాదంతా వార్తల్లో ఎవరి పేరు చెప్పాల్సి వచ్చినా ముందు ఆ పిల్లని వెతికి, చూసి వచ్చి చెప్పేది. ఒక్కోసారి దాని వల్ల వార్తలు ఆలస్యమయ్యేవి.

ఆ మరుసటి వార్షికోత్సవానికి కూడా అదే ల్యాబు, అవే బొంతలు. ఆటలమ్మ పోసిన అమ్మాయి ఈసారి డాన్సులో ముందు వరసలోనే ఉంది. మా వార్తల పిల్ల మిగిలిన వాళ్ల గురించి అన్నీ చెప్పింది, ఆ అమ్మాయి పేరు మాత్రం ఎత్తలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. నాకు సైగ చేసింది, ఆగమని.

డాన్సు అయిపోయింది. మెట్ల మీద గజ్జెల చప్పుడు పరిగెత్తుకుంటూ పైకొచ్చింది. తలుపు తోసుకుని ఆ అమ్మాయి వచ్చింది, మొహమంతా చెమటతో. వార్తల పిల్ల మైకు దాని చేతిలో పెట్టింది. కింద తరవాతి పాట మొదలవుతోంది. తలుపు మూశాను.

అమ్మాయి మాట్లాడబోయింది. ఆయాసానికి మాట రాలేదు. ఊపిరి పీల్చుకుంది, వదిలింది, మళ్లీ పీల్చుకుంది. కంప్యూటర్ మాస్టారు నా వైపు చూశాడు. నేను మీట అలాగే ఉంచాను.

"అమ్మా," అంది చివరికి. "నేనే."